బుల్లోడు అతిథుల కాళ్లెక్కిన రోజులు

మా చెల్లెలి మనవరాలు పశువైద్యం చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నోట్‌బుక్ తెరిచి, “అమ్మమ్మా, నీ సర్వీసు మొత్తంలో నిన్ను బాగా ఇబ్బంది పెట్టిన కేసు ఏది?” అని అడిగింది. అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన సంగతో, తుపాను తర్వాత మందలకు మందలు జబ్బుపడ్డ సంగతో చెబుతాననుకుంది కాబోలు. “ఇంటికొచ్చినవాళ్ల కాళ్లెక్కే కుక్క కేసు” అన్నాను. పెన్ను కింద పడేసి పడీ పడీ నవ్వింది. నవ్వనిచ్చాను. ఆ కేసు మొదటిసారి నా ముందుకు వచ్చినప్పుడు నేనూ అలాగే నవ్వాను మరి. ఆ పిల్లకు చెప్పిందే, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీకూ చెబుతున్నాను.

అప్పటికి నా రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లుంది. విజయనగరం జిల్లాలో, నెల్లిమర్లకు కాస్త దూరంలో ఒక ఊరి పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నేను, కాంపౌండరు గారు, ఆవులు, గేదెలు చూలు కట్టడానికి సూదులు వేసే గోపాలమిత్ర కుర్రాడు, అటెండరమ్మ. అంతే మా బలగం. కాంపౌండరు గారు వయసులో నాకంటే చిన్నవాడే కానీ పశువు నడక చూసి రోగం చెప్పగల మనిషి. తను చెప్పింది నిజమైతే, “మేడమ్ గారు సెప్పేరు” అని రైతుతో అనేవాడు. అబద్ధమైతే, “నేనే పొరబడ్డాను” అనేవాడు. అలాంటి తోటి ఉద్యోగి దొరకడం నా అదృష్టం.

మాకు వచ్చేవన్నీ గేదెలు, ఆవులు, మేకలు. కుక్కలు రేబిస్ సూదికి తప్ప వచ్చేవి కావు. అందుకే ఆ ఉదయం అరవై ఏళ్లావిడ ఒకరు బట్టలారేసే తాడుతో కుక్కను కట్టి తీసుకొస్తే, సూదికే అనుకున్నాను. ఏడాది నిండీనిండని మగకుక్క. తేనెరంగు. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉంది. పేరు బుల్లోడట.

“ఏమైందమ్మా?” అన్నాను.

ఆవిడ నేల చూస్తూ, “ఏటి సెప్పమంటారు డాక్టరమ్మా. ఇంటికి ఎవులొచ్చినా ఇది... ఇలగ...” అని ఆగిపోయింది.

మిగతాది కుక్కే చెప్పింది. కాంపౌండరు గారు లోపలినుంచి రాగానే ఆయన కాలు రెండు ముందుకాళ్లతో వాటేసుకుని ఊగడం మొదలుపెట్టింది. ఆయన విదిలిస్తున్నాడు, అది పట్టు విడవదు. గోపాలమిత్ర గోడవైపు తిరిగి నవ్వాడు. అటెండరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ నవ్వాను. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. ఆ సంగతి నేను చూశాను కానీ పట్టించుకోలేదు.

“వయసు కదమ్మా. ఆపరేషన్ చేసేస్తే సరి. పది రోజుల్లో సాధువైపోతాడు” అన్నాను.

“అది కాదమ్మా, మా ఇంటికాడ ఆయనకి...” అని ఆవిడ మొదలుపెట్టింది. బయట రెండు గేదెలు కాచుకుని ఉన్నాయి. “ఎల్లుండి పొద్దున్న ఏమీ తినిపించకుండా తీసుకురా అమ్మా” అని చెప్పి పంపేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. పుండు శుభ్రంగా మానింది. మూడు వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. “మాననేదమ్మా. మొన్న ప్రార్దనకి పాస్టరుగోరొస్తే ఆయన కాలూ ఎక్కీసినాది. సిగ్గుతో సచ్చిపోనాను” అంది. ఆపరేషన్ చేసిన తర్వాత ఒంట్లో మార్పు రావడానికి వారాలు పడుతుందని నాకు తెలుసు. కుక్కలు మదంతోనే కాక ఇంకా ఎన్నో కారణాలకు ఈ పని చేస్తాయని మాత్రం తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. “కాస్త గట్టిగా కోప్పడండి. పేపరు చుట్టి ఒక్కటి వెయ్యండి. అదే మానుతుంది” అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా నా నోటినుంచి వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

మరో పది రోజులకు ఆవిడ రాలేదు. ఆవిడ కొడుకు వచ్చాడు. స్కూలు వ్యాను నడిపే మనిషి. వ్యాను రోడ్డు మీద ఆపి, చెప్పులతోనే నా గదిలోకి వచ్చేశాడు.

“డాక్టరమ్మా, మీరు సెప్పినట్టే కొడతన్నాం. కొట్టేకొద్దీ ఎక్కువైపోనాది. ఆదివారం సూసి తీసికెల్లి ఏటవతల ఒగ్గేస్తాను. మా అమ్మకి మీరే సెప్పండి.”

“అంత కోపమెందుకు బాబూ?”

“కోపం కాదండి. ఫిజియో మేడమ్ మా ఇంటికి రానని సెప్పీసినాది. కుక్కని కట్టేద్దుమంటే అది గోలగోలగ ఏడుస్తాది. అది ఏడిస్తే మా నాన్న కాలు కదపడు. మా నాన్నకి కాలూ సెయ్యీ రావాలా, ఈ కుక్క ఉండాలా? మీరే సెప్పండి.”

“మీ నాన్నకేమైంది?”

అతను నన్ను వింతగా చూశాడు. “మా అమ్మ సెప్పనేదేటి? పక్షవాతమండి. కుడిపక్క పడిపోనాది. నోరూ పడిపోనాది.”

వాళ్లమ్మ చెప్పబోయింది. నేనే వినలేదు.

ఆ సాయంత్రం కాంపౌండరు గారి మోటార్ సైకిలు వెనక కూర్చుని వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల డాబా, ముందు వరండా, వరండాలో నవారు మంచం. మంచం మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో జీవితమంతా మగ్గం నడిపి రిటైరైన మనిషి. కుడిచెయ్యి తనది కానట్టు ఒడిలో పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి, “అదే... అదే...” అన్నాడు.

“కూకోమంటన్నాడమ్మా” అంది ఆవిడ కుర్చీలు వేస్తూ. “నోట్లో ఆ ఒక్క మాటే మిగిలిపోనాది. నీల్లడిగినా అదే, నొప్పన్నా అదే. ప్రార్దనలో ఆమేన్ అనాల్సినకాడా అదే.”

నేను కూర్చున్నానో లేదో బుల్లోడు నా కాలు పట్టేసింది. ఇల్లంతా ఒక్కసారి లేచింది. “ఛీ, దిగు!” అని ఆవిడ, “ఒరే, దించు దాన్ని!” అని లోపలినుంచి కోడలు, పేపరు చుట్టుకుని కొడుకు. పెద్దాయన ముఖం ఎర్రబడిపోయింది. ఎడమచెయ్యి గాలిలో ఆడిస్తూ “అదే! అదే! అదే!” అంటున్నాడు. ఆవిడ కంగారుగా వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఈ గోలకు కుక్క ఇంకా బిగుసుకుంది. నేను మొదటిసారి దాని ముఖం చూశాను. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తోంది. నాలుక బయటపెట్టి రొప్పుతోంది.

కాంపౌండరు గారు నా పక్కకు వంగి నెమ్మదిగా, “ఇది మదం కాదండి మేడమ్. కంగారండి” అన్నాడు. తర్వాత ఆవిడను అడిగాడు. “అమ్మా, దీన్ని రోజూ ఎవులు తిప్పీవోరు?”

“ఆయనేనండి. పొద్దున్న టీ తాగీసి ఇద్దరూ సంపావతి ఏటి ఒడ్డుకి పోయీవోరు. గంటన్నర తిరిగీవోరు.”

“ఇప్పుడో?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాలుగు నెలలుగా, మా ఆసుపత్రికి తప్ప, ఆ కుక్క వరండా దాటలేదు.

ఆ మాట మీద నిదానంగా అడిగితే మిగతాదంతా వచ్చింది. ఒకప్పుడు ఆ ఇంటికి వారానికి ఒకరో ఇద్దరో వచ్చేవారు. పెద్దాయన మంచాన పడ్డాక రోజూ ఎవరో ఒకరు. వచ్చినవాళ్లంతా, ఆయనకు పోయింది మాట కాదు చెవులన్నట్టు, మీదికి వంగి గట్టిగా అరుస్తూ పలకరిస్తారు. ఆయన జవాబు చెప్పలేక ఎగిరెగిరి పడతాడు. రోజంతా నడక లేక, ఆట లేక ఒళ్లంతా చురుకు నిండిపోయి ఉన్న ఏడాది కుక్క ఆ గలాటా తట్టుకోలేక దగ్గరున్న కాలు పట్టేసేది. తోస్తే ఆటనుకునేది. కొడితే కంగారు రెట్టింపయ్యేది. ఆ కొట్టడం నా మందుచీటీయే.

“నాదే తప్పమ్మా. కొట్టమని చెప్పకుండా ఉండాల్సింది” అన్నాను. ఆవిడ మొహమాటపడిపోయింది. కొడుకు వైపు తిరిగి, “కొంచెం గడువు ఇవ్వు బాబూ” అన్నాను.

“పది రోజులండి. అంతకన్నా ఆగనేం, ఆపై ఆదివారం ఒగ్గేస్తాను. ఇప్పుడు పోయిన రోజులు మల్లీ రావని ఆ మేడమ్ సెప్పినాది.”

విశాఖపట్నంలో పెంపుడు కుక్కలను ఎక్కువగా చూసే నా క్లాస్‌మేట్ ఉన్నాడు. ఫోన్ చేశాను. “కొట్టమన్నావా? నువ్వా?” అని ముందు తిట్టాడు. మూత్రంలో మంటగానీ, దురదగానీ ఉన్నాయేమో చూశావా అన్నాడు. అదీ చూడలేదు. మర్నాడు చూశాను, ఏమీ లేవు. తర్వాత చేయాల్సింది చెప్పాడు. వినడానికి చాలా మామూలుగా ఉంది. మనుషులు వచ్చేముందు కుక్కను బాగా నడిపించాలి. మంచం పక్కన దానికంటూ ఒక చోటు పెట్టాలి. ఆ చోట కూర్చుంటే ఇష్టమైనది పెట్టాలి. వచ్చిన మనిషి దాన్ని చూడకూడదు, పలకరించకూడదు, స్తంభంలా నిలబడాలి. అది ఎక్కితే ఎవరూ నోరెత్తకుండా తాడు పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి, కాసేపాగి మళ్లీ తేవాలి. వందసార్లయినా సరే, కోపం లేకుండా.

నడిపించే పని కోడలు తీసుకుంది. వంట కాకముందే చంపావతి ఒడ్డు దాకా వెళ్లి వచ్చేది. మంచం పక్కన గోనెపట్టా మడిచి వేశాం. ఉడికించిన చేపముక్కలు చిన్న డబ్బాలో సిద్ధంగా ఉండేవి. ఇక కావలసింది అతిథులు. ఊళ్లోవాళ్లను కుక్క కాలెక్కుతుంది రమ్మంటే ఎవరొస్తారు? మా ఆసుపత్రి సిబ్బందే అతిథులయ్యాం. సాయంత్రం ఓపీ అయిపోగానే వరసగా బయల్దేరేవాళ్లం.

అటెండరమ్మ చేతిలో వంకాయల సంచితో వచ్చి, “ఓలమ్మా, బాగున్నారేటి?” అని చర్చి ఆడవాళ్లలా పలకరించేది. గోపాలమిత్ర హెల్మెట్ పెట్టుకుని వచ్చి స్తంభంలా నిలబడేవాడు. పది నిమిషాలకు హెల్మెట్ తీసేసి ఇంకొకడై వచ్చేవాడు. కాంపౌండరు గారు గొడుగేసుకుని, గొంతు మార్చి, “ఏటి బావా, ఒంట్లో ఎలగున్నాది?” అంటూ మెట్లెక్కి, గొడుగు ముయ్యడం రాక గుమ్మంలో ఇరుక్కున్నాడు. పెద్దాయన నవ్వాడు. ముఖంలో ఒకవైపే కదిలింది, గొంతులోంచి గరగరమని వచ్చింది. కానీ అది నవ్వే. జబ్బుపడ్డాక ఆయన నవ్వడం అదే మొదలట. ఆవిడ టీ తెస్తానని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

అయిదో రోజుకు ఆవిడ “పట్టా” అంటే చాలు, బుల్లోడు వెళ్లి గోనె మీద పడుకునేది. అప్పుడు ఇంకో చిక్కు కనిపించింది. ఫిజియో అమ్మాయి వస్తే పెద్దాయనను అటొకరు ఇటొకరు పట్టుకుని నిలబెట్టాలి. కోడలు కుట్టుపనికి వెళ్లిపోతుంది. కొడుకు వ్యాను మీద ఉంటాడు. ఆవిడ చేతులు ఖాళీగా ఉండవు. పైగా ఆ కుక్క ఆయనది. ఆయన మాటే అది వినాలి.

నాకు తెలివైన ఆలోచన వచ్చిందనుకున్నాను. ఆయన “అదే” అన్నప్పుడల్లా కుక్కను పట్టా మీదికి పంపి చేపముక్క పెట్టించాను. రెండు పూటల్లో నేర్చుకుంది. ఆయన సంతోషించాడు. కానీ మూడోపూట ఆయన మంచినీళ్లు కావాలని “అదే” అన్నాడు. కుక్క పట్టా మీదికి పరుగెత్తింది. దిండు సర్దమని “అదే”. కుక్క లేచి, మళ్లీ పడుకుంది. పాటలు పెట్టమని “అదే”. కుక్క చేపముక్క కోసం చూసింది. ఎవరూ పెట్టలేదు. సాయంత్రానికి ఆయన ఎన్నిసార్లు అన్నా అది చెవి కూడా కదపలేదు.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తోసేశాడు. ఆయన దగ్గర మిగిలిందే ఒక్క మాట. అదీ పనికిరాదని ఆయన ఇంట్లోనే, ఆయన కుక్క చేతే నేను తేల్చి చెప్పించాను.

ఏడో రోజు వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. కాంపౌండరు గారే, “మనం ఎల్లకపోతే ఆదివారం ఆ కుక్క ఎలిపోతాదండి” అని లేవదీశాడు.

మేం వరండాలో ఉండగా ఒక ముసలాయన సైకిలు దిగాడు. మిల్లులో పెద్దాయన పక్క మగ్గం ఆయనదే. రిటైరయ్యాక గజపతినగరంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. జబ్బు సంగతి ఆలస్యంగా తెలిసిందట. హ్యాండిల్‌కు జీడిమామిడి పళ్ల సంచి. ఆయనకు స్తంభంలా నిలబడాలని ఎవరు చెబుతారు? “ఓరి బావా, ఏటిరా ఇది!” అని ఏడుపు గొంతుతో నేరుగా మంచం దగ్గరికి వచ్చాడు. బుల్లోడు ఎగిరి ఆయన కాలు పట్టుకుంది. పళ్లు వరండా అంతా దొర్లాయి.

పెద్దాయన ఎడమచెయ్యి పైకి లేపాడు. అయిదు వేళ్లూ విప్పి, పిడికిలి బిగించి, కిందికి లాగాడు. మళ్లీ అలాగే. చెయ్యి నొప్పేమోనని ఆవిడ పట్టుకోబోయింది.

వచ్చిన ఆయన కుక్కను మరిచిపోయి ఆ చేతినే చూస్తున్నాడు. “ఆగు అప్పా, పట్టుకోకు” అన్నాడు ఆవిడతో. ఒక్క క్షణం తర్వాత, “ఓలమ్మో! మగ్గం ఆపీమంటన్నాడు!” అని కేకేశాడు.

మాకెవరికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. మగ్గాల షెడ్డులో మోతకు పక్కవాడి మాట వినబడదు. నోటితో చెబితే గొంతు పోవడమే. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగింది, నీళ్లు తాగొస్తాను, మేస్త్రీ వస్తున్నాడు, మగ్గం ఆపు. ఒక్కోదానికి ఒక్కో గుర్తు. చెబుతూనే ఆయన రెండు వేళ్లు నోటి దగ్గర ఆడించాడు. పెద్దాయన తలూపి ఎడమచేత్తో ఏదో తిప్పాడు. “టీ వొద్దంట, మంచినీల్లు కావాలంట” అన్నాడు ఆయన ఆవిడతో.

చేతితో చెప్పగలిగింది కొంచెమే. కొన్ని గుర్తులు పెద్దాయనకు కలగాపులగం అయ్యాయి కూడా. అయినా ఆ ఇద్దరూ అరగంట సేపు అలా కూర్చున్నారు. ఒకరు చెయ్యి తిప్పితే ఇంకొకరు నవ్వుతారు. ఆవిడ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“సెయ్యి ఊపుతుంటే నొప్పనుకున్నానమ్మా” అంది నాతో. “నలభై ఏళ్లు కాపరం సేసేను. మిల్లు సంగతులు ఇంటికాడ ఎప్పుడూ సెప్పీవోడు కాదు. ఈ బాస నాకు తెల్దు. నాలుగు నెలల నుంచీ సెప్తన్నాడు. నాను సెయ్యి పట్టుకుని దించేస్తన్నాను.”

కాంపౌండరు గారు వంగి జీడిమామిడి పళ్లు ఏరుతున్నాడు. అన్నీ ఏరి సంచిలో వేసి, “మేడమ్, ఆ మగ్గం ఆపే గుర్తు కుక్కకి నేర్పుదుమండి. ఆయన దాన్ని ఇంక దేనికీ వాడడు కదా” అన్నాడు.

నాకు తట్టాల్సిన మాట అది. ఒక గుర్తుకు ఒకటే అర్థం. మిగిలిన మూడు రోజులూ అదే పని. ముందు ఆవిడ “పట్టా” అనేది, వెంటనే ఆయన చెయ్యి లేపి పిడికిలి కిందికి లాగేవాడు, ఆ చేత్తోనే చేపముక్క పెట్టేవాడు. తర్వాత ఆవిడ మాట మానేసింది. చెయ్యి ఒక్కటే. తొమ్మిదో రోజుకు బుల్లోడు ఆయన చెయ్యి లేస్తుంటేనే బయల్దేరేది.

ఈలోగా విజయనగరం వెళ్లి ఫిజియో అమ్మాయిని కలిశాను. ఇరవై అయిదేళ్లుంటాయేమో. స్కూటీ మీద ఇళ్లకు తిరిగి వ్యాయామం చేయిస్తుంది. “కుక్కంటే భయపడ్డావా అమ్మా?” అన్నాను.

“భయం కాదు మేడమ్. అది అలా చేస్తుంటే పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి నవ్వారు. ఒకాయన ఏదో అన్నాడు కూడా. నేను అక్కడికి పని చేయడానికి వెళ్తున్నాను” అంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎద్దుకు ఆపరేషన్ చేయడానికి ఆడమనిషి వచ్చిందని ఊరంతా చుట్టూ చేరి నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ ఆ మొదటి ఉదయం ఆవిడ ముందు నవ్వాను. “ఒక్కసారి రా అమ్మా. నేనూ ఉంటాను. ఏమన్నా అయితే ఇంక అడగను” అన్నాను. కాస్త ఆలోచించి సరేనంది.

పదో రోజు ఉదయం కోడలు బుల్లోడిని ఏటి ఒడ్డున మామూలుకంటే ఎక్కువసేపు తిప్పింది. కొడుకు వ్యాను పని ఇంకొకరికి అప్పగించి ఇంటి దగ్గరే ఉండిపోయాడు. కుక్క మీద నమ్మకంతో కాదు. స్కూటీ ఆగింది. ఆ అమ్మాయి చెప్పినట్టే లోపలికి వచ్చి నిలబడింది. చూడలేదు, పలకరించలేదు. బుల్లోడు లేచి, ఆమె చెప్పులు వాసన చూసి, పెద్దాయన వైపు తిరిగింది. ఆయన చెయ్యి లేచింది. కుక్క పట్టా మీద కూర్చుంది. ఆయన చేపముక్క పెట్టాడు. కాంపౌండరు గారు, మొదటి గండం గడిచినట్టు, నా వైపు చూడకుండానే వేలు పైకెత్తి చూపించాడు. ఒకటి.

వ్యాయామం మొదలైంది. కాలు చాపడం, మడవడం. తర్వాత నిలబెట్టడం. కుడివైపు ఫిజియో అమ్మాయి నడుం పట్టుకుంది. ఎడమవైపు ఆవిడ. ఆయన ఎడమచెయ్యి ఆవిడ భుజం మీద. ఆవిడ చేతిలో ఉన్న కుక్క తాడు కింద పడిపోయింది. ఆయన లేచాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. అందరం ఆయన పాదాలే చూస్తున్నాం.

అప్పుడే వీధి గుమ్మంలోంచి, “వందనాలమ్మా! పెద్దాయనకి ఎలాగుంది?” అని పెద్ద గొంతు. పాస్టరు గారు, వెనక ముగ్గురు ఆడవాళ్లు, చేతుల్లో పాటల పుస్తకాలు. ఆ రోజు ప్రార్థనకు వస్తారని ఎవరికీ గుర్తులేదు.

బుల్లోడు ఒక్క ఉదుటున లేచింది. వచ్చినవాళ్ల వైపు రెండడుగులు వేసి, తిరిగి, దగ్గరున్న ఫిజియో అమ్మాయి కాలి మీదికి ముందుకాళ్లు ఎత్తింది. ఆ అమ్మాయి చేతులు వదలలేదు, కళ్లు మాత్రం మూసుకుంది. కొడుకు పెరట్లోంచి కర్ర పట్టుకుని వస్తున్నాడు. అరవకూడదని అందరికీ చెప్పిన నేనే అరవడానికి నోరు తెరిచాను.

పెద్దాయన ఆవిడ భుజం మీదినుంచి చెయ్యి తీశాడు. పైకి లేపాడు. వేళ్లు విప్పి, పిడికిలి బిగించి, కిందికి లాగాడు.

కుక్క ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే ఉంచి ఆ చేతిని చూసింది. తర్వాత కాళ్లు దించి, పట్టా మీదికి వెళ్లి, గడ్డం నేలకు ఆనించి పడుకుంది.

మేమంతా కుక్కనే చూస్తున్నాం. పెద్దాయనను చూసింది ఫిజియో అమ్మాయి ఒక్కతే. ఆమె అప్పటికి నడుం పట్టు వదులు చేసి, చేతులు దగ్గరగా మాత్రం ఉంచింది. “అంకుల్, చెయ్యి తీసేశారు మీరు” అంది నెమ్మదిగా. “ఏమీ పట్టుకోకుండా నిలబడ్డారు.”

ఆయనకు ఆ మాట పట్టలేదు. చేపముక్కల డబ్బా చూపించి, “అదే! అదే!” అని ఆవిడ మీద విసుక్కుంటున్నాడు. పని చేసినవాడికి కూలి ఇవ్వరేమన్నట్టు. ఆవిడ ఏడుస్తూనే డబ్బా అందించింది.

పాస్టరు గారు గుమ్మంలోనే ఆగి, తన ప్యాంటు ఒకసారి చూసుకుని, “నేను లోపలికి రావొచ్చా అమ్మా?” అని అడిగారు. కొడుకు కర్ర గోడవారగా పెట్టి, ఆయనకు కుర్చీ తెచ్చి వేశాడు. ఆదివారం గురించి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

దాంతో అంతా చక్కబడిందని చెబితే మీరు నమ్మవద్దు. తర్వాత రెండు నెలల్లో బుల్లోడు మళ్లీ మూడునాలుగుసార్లు కాళ్లెక్కింది. వర్షానికి నడక తప్పిన రోజుల్లోనే ఎక్కువ. తప్పినప్పుడల్లా తాడు, పెరడు, మళ్లీ పట్టా. ఆపరేషన్ కూడా దాని వంతు సాయం ఆలస్యంగా చేసే ఉంటుంది. కత్తి పట్టడం తప్పు కాదు. కత్తితోనే పనైపోతుందనుకుని, చెప్పవచ్చిన మనిషిని చెప్పనివ్వకపోవడం నా తప్పు. మీ దగ్గరికి పశువును తెచ్చిన మనిషి మాట మధ్యలో ఆగిపోతే, బయట ఎన్ని గేదెలున్నా, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగండి.

పెద్దాయనకు మాట పెద్దగా తిరిగి రాలేదు. ఇంకో నాలుగైదు మాటలు కలిశాయి, అంతే. గజపతినగరం స్నేహితుడు అప్పుడప్పుడు వచ్చి ఆవిడకు, కోడలికి మిల్లు గుర్తులు నేర్పాడు. ఫిజియో అమ్మాయీ కొన్ని నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఆయన చేతికర్రతో వీధి చివరదాకా నడిచేవాడు.

ఆ ఏడాదే రేబిస్ సూదుల రోజున ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. ముందు బుల్లోడు దిగింది. తర్వాత ఆయన. ఆవిడ చెయ్యి అందించబోతే వద్దని తలూపి, తనే దిగి, వరసలో అందరితోపాటు నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి నేను రిజిస్టరు తెరిచాను. పాత పేజీలో కుక్క యజమాని అని ఆవిడ పేరుంది. అదే ఎక్కిస్తున్నాను. ఆయన ఎడమ అరచెయ్యి వచ్చి నా కాగితం మీద పడింది. చెయ్యి తీసి తన గుండె మీద రెండుసార్లు కొట్టుకున్నాడు.

“ఆయన పేరు రాయమంటన్నాడమ్మా” అంది ఆవిడ.

నాకూ అర్థమైంది. ఆవిడ పేరు కొట్టేసి ఆయన పేరు రాసి, రిజిస్టరు ఆయన వైపు తిప్పాను. ఆయన చూపుడువేలు మొదటి అక్షరం కింద పెట్టి, చివరి అక్షరం దాకా మెల్లగా జరిపాడు. తర్వాత చేతికర్ర ఆవిడకిచ్చి, బుల్లోడి తల ఎడమచేత్తో తన పొట్టకు అదుముకుని, ఇక వెయ్యమన్నట్టు నా వైపు తలూపాడు.